నేను మోసిన కబురు

జ్ఞాపకశక్తిని పెంచుకోవడం ఎలాగో చెప్పే వీడియో చూస్తూ పొయ్యి మీద టీ గిన్నె మాడబెట్టాను. అందులో నీళ్ళు పోశానో లేదో కూడా గుర్తులేదు. మాడిన వాసన వీధి దాకా వెళ్ళింది. పక్కింటివాళ్ళు గేటు కొడితే, మా ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి నేను వరండాలో కుర్చీలో వెనక్కి వాలి ఆఖరి చిట్కా వింటున్నాను. చేస్తున్న పని మీద మనసు పెట్టాలట.

"ఏటండీ సేత్తన్నారు? కొంప అంటించేత్తారేటి?" అంది మా ఆవిడ, నల్లబడ్డ గిన్నెని పట్టకారుతో పట్టి నా ముందుకు తెచ్చి.

"బుర్రకి మంచిదంటే వింటున్నాను" అన్నాను.

"బుర్రకి మంచిదేనేమో. గిన్నెకి మంచిది కాదు."

నేను లెక్కల మాస్టారిని. చింతపల్లి పక్కన ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. మైదానం నుంచి ఉద్యోగానికి కొండెక్కినవాణ్ణి. ఈ ఒక్క చలికాలం ఓర్చుకుంటే బదిలీ చేయించుకోవచ్చని ప్రతి చలికాలం అనుకుంటూ, ఇక్కడే తలపండిపోయాను. పదిహేడో ఎక్కమైనా సరే నిద్రలో లేపి అడిగినా చెప్పగలనని నాకు పేరు. ఆ పేరు నాకు నేను పెట్టుకున్నదే గానీ, పేరు పేరే కదా.

అలాంటి నాకు మాటలు జారిపోవడం మొదలైంది. కరివేపాకు కోసం బజారుకెళ్ళి క్షవరం చేయించుకుని వచ్చాను. ఇంకోరోజు బ్యాంకు మెట్ల మీద పాత విద్యార్థి ఒకడు ఎదురైతే భుజం తట్టి, పెళ్ళాం పిల్లలు ఎలా ఉన్నారని అడిగి, వాళ్ళ నాన్నకి నమస్కారాలు చెప్పమన్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది, అతనెవరో నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదని. వయసొస్తే అందరికీ మామూలేనని నలుగురూ అంటే నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది.

మా అమ్మ చివరి రోజుల్లో మా అన్నయ్య ఇంట్లో ఉండేది. ఒకరోజు పొద్దున్నే లేచి పుట్టింటికి బయల్దేరింది. ఆ పుట్టిల్లు కూలిపోయి అప్పటికి ఎన్నేళ్ళయిందో. మర్నాడు మధ్యాహ్నానికి బస్టాండులో బెంచీ మీద దొరికింది. బస్సు కోసం చూస్తున్న ముసలావిడే అనుకున్నారట అందరూ. అంతమంది జనం ఆవిడ ముందు నుంచే ఎక్కారు, దిగారు, వేరుశనగలు కొనుక్కున్నారు. ఆవిడ ఎవరో ఒక్కరికీ తెలియదు. ఆవిడకీ తెలియదు. కబురందగానే నేనూ మా ఆవిడా కొండ దిగి ఆ బెంచీ దగ్గరికే పరుగున వెళ్ళాం. నేను "అమ్మా" అని పిలిస్తే నా మొహం వంక చూసి, "ఎవరబ్బాయివి నాయనా, మీ అమ్మ తప్పిపోయిందా?" అని జాలిపడింది.

నాకు చావంటే పెద్ద భయం లేదు. ఆ బెంచీ అంటేనే భయం. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి బుర్రని కాపాడుకునే పనిలో పడ్డాను. నేను ఏ పనిలో పడ్డా ఆ పని పాడవుతుందని మా ఆవిడ అంటుంది. రోజూ రాత్రి బాదం పప్పులు నానబెట్టుకుని పొద్దున్నే తినాలన్నారు. నానబెట్టడం ఎప్పుడూ మర్చిపోలేదు. తినడమే మర్చిపోయేవాణ్ణి. వంటింటి గూట్లో గ్లాసులు వరసగా కంపు కొట్టాక మా ఆవిడ ఆ కార్యక్రమం రద్దు చేసింది. ఎడమచేత్తో పళ్ళు తోముకుంటే బుర్రలో నిద్రపోతున్న సగం లేస్తుందన్నారు. బుర్రలో ఏం లేచిందో తెలియదు గానీ చిగుళ్ళు మాత్రం వాచాయి. సరస్వతి ఆకు మంచిదన్నారు. పచ్చడి చేయించుకుని తిన్నాను, కడుపు కదిలింది. వెనక్కి నడిస్తే మెదడుకి పదును అన్నారు. మా వీధిలో వెనక్కి నడుచుకుంటూ పోయి, పొరుగింటివాళ్ళు వాకిట్లో టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ గింజల్లో వెల్లకిలా పడ్డాను. వాళ్ళు మర్యాదస్తులు. నన్ను లేపి, జేబుల్లోకి పోయిన గింజలు నవ్వకుండా ఏరుకున్నారు.

చివరికి విశాఖలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మా అబ్బాయి వయసువాడు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు: కుర్చీ, నిమ్మకాయ, రైలు. తర్వాత నూరులోంచి ఏడు తీసేస్తూ వెళ్ళమన్నాడు. నేను చిన్నగా నవ్వాను. లెక్కల మాస్టారిని పట్టుకుని తీసివేతలు అడిగితే నవ్వు రాదా. "తొంభై మూడు, ఎనభై ఆరు" అన్నాను దర్జాగా. తర్వాత "డెబ్భై ఎనిమిది" అన్నాను. అన్నాక తప్పని నాకే తెలిసింది. ఆ కంగారులో మూడు మాటలు అడిగేసరికి కుర్చీ ఉంది, రైలు ఉంది. మధ్యలోది మాయమైపోయింది. పక్కన కూర్చున్న మా ఆవిడ పెదవులు కదుపుతోంది. ఇన్విజిలేషన్ డ్యూటీలు చేసినవాణ్ణి, నేనే కాపీ కొట్టడమా అని అటు చూడలేదు. చూసి ఉంటే నిమ్మకాయ దక్కేది.

డాక్టరు కంగారేమీ లేదన్నాడు. ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ, కొన్ని నెలలు పోయాక మళ్ళీ చూద్దామనీ అన్నాడు. బీపీ మాత్ర మానొద్దు, పంచదార తగ్గించండి, బాగా నడవండి, వేళకి నిద్రపోండి, నలుగురిలో తిరగండి, కొత్త పని ఏదైనా నేర్చుకోండి అన్నాడు. మందు ఏదీ రాయలేదు. అంత దూరం ఘాట్ రోడ్డు దిగి, బస్సులు మారి వెళ్తే, నడవమని చెప్పి పంపుతాడా అని నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి మా ఆవిడ నా కంచంలో నిమ్మకాయ ఊరగాయ వేసి వెళ్ళిపోయింది.

నా వైద్యం ఆవిడే మొదలుపెట్టింది. గూడెం కొత్తవీధి ఊరు దాటి పైకి వెళ్తే రోడ్డు ఆగిపోయే చోట వారానికోసారి సంత జరుగుతుంది. రాజ్మా గింజలు, చోళ్ళనే రాగులు, పసుపు అక్కడ మంచివి దొరుకుతాయనీ, వారం వారం వెళ్ళి తెమ్మనీ అంది. చింతపల్లి బజారులో దొరకవా అంటే, "దొరుకుతాయి. బజారుకి మీరు కునుకుతూ ఎల్లొచ్చేగలరు" అంది.

ఆ పై ఊళ్ళ వైపు నేను ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ వెళ్ళలేదు. ఘాట్ ఎక్కాక ఫోను సిగ్నలు పోతుంది. అందుకే అక్కడ కబురంటే ఇప్పటికీ మనిషి మోసుకెళ్ళేదే. జీపు స్టాండులో నిలబడి, పైకి వెళ్ళేవాళ్ళెవరికైనా సరే, "ఫలానా ఊళ్ళో మా అప్పకి సెప్పు" అని చెప్తారు. తెలిసినవాళ్ళా తెలియనివాళ్ళా అన్న పట్టింపు లేదు. కాదనడం మర్యాద కాదు. విన్నవాడు దిగినచోట నుంచి ఆ ఇంటిదాకా నడిచి వెళ్ళి చెప్పాలి, లేదా అటు వెళ్ళేవాళ్ళకి అప్పజెప్పాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. కబురు ఎవరికో వాళ్ళకే చెప్పాలి. దారిలో ఎవరడిగినా చెప్పకూడదు.

మొదటి రోజే మా ఆవిడ స్టాండుకొచ్చి అందరూ వినేలా అంది. "మా మాస్టారు పైకెల్తన్నారు. కబుర్లేటన్నా ఉంటే ఇచ్చుకోండి. లెక్కల మాస్టారు, పొల్లు పోదు."

నేను జీపు చాటుకి జరిగాను. ఇద్దరు ముగ్గురు నా చుట్టూ మూగారు. వాళ్ళు చెప్పాక తను కూడా ఒకటి ఇచ్చింది. "జీపు ఆగిపోయేకాడ టీ హోటలావిడ ఉంటాది. నే సెప్పిన మాట మర్సిపోవద్దని సెప్పండి."

"ఏం మాట?"

"అది ఆవిడికి తెలుసు."

ఎప్పుడు చెప్పావంటే, ఆవిడ సరుకులకి చింతపల్లి దిగినప్పుడన్నది. పసుపు బేరమో, విత్తనాల సంగతో అయి ఉంటుందనుకుని ఊరుకున్నాను.

మొదట్లో బాగానే గడిచింది. కబుర్లు చిన్నవి. ఫలానా రోజు వస్తాం, దుక్కిటెద్దు కాలు తగ్గిందా, పిల్లదాని ఆధార్ కార్డు పంపండి. నేను ఫోనులో రికార్డు చేసుకునేవాణ్ణి. ఒకరోజు ఘాట్ మధ్యలో చలికి ఫోను చచ్చిపోయింది. అయినా ఫర్వాలేదు, నా బుర్ర ఉంది కదా అనుకున్నాను. నన్ను నేను నమ్మిన ఆ రోజే కొంప మునిగింది.

ఆ రోజు పొద్దున్న స్టాండులో ఇద్దరు కబుర్లు ఇచ్చారు. హాస్టల్లో వంట చేసే పిల్ల ఒకటి వాళ్ళమ్మకి చెప్పమంది: "మీ అల్లుణ్ణి తీసుకుని ఒత్తన్నాను. పుంజుని కోసి ఉంచు." ఇంకొకాయన తన భార్యకి చెప్పమన్నాడు: "పుంజు మీద సెయ్యెయ్యొద్దు. అది మొక్కుది." కొత్త పంట అమ్మవారికి పెట్టాకే నోట పెట్టే కొత్తల పండగ ఉంటుందక్కడ. ఆ పండక్కి ఆయన మచ్చలేని తెల్ల పుంజుని మొక్కుకున్నాడు.

వాళ్ళు చెబుతున్నంతసేపూ నేను తల ఊపుతూనే ఉన్నాను. మనసులో మాత్రం తీసివేతలు నడుస్తున్నాయి. డాక్టరు దగ్గర పోయిన పరువు దక్కించుకోవాలని నిలబడ్డచోటల్లా నూరులోంచి ఏడు తీసేస్తున్న రోజులవి. డెబ్భై తొమ్మిది దగ్గర వంటపిల్ల మాట చెవిలో పడింది, అరవై అయిదు దగ్గర ఆయన మాట పడింది. పైకి వెళ్ళాక రెండు ఇళ్ళకీ నడిచి, రెండు కబుర్లూ పొల్లుపోకుండా చెప్పాను. కాకపోతే అటుది ఇటూ, ఇటుది అటూ చెప్పాను.

మొక్కు పుంజు కూరైపోయింది. మొగుడు కబురు పంపాడు కదా, అల్లుడి వరసైన చుట్టమెవరో వస్తున్నాడనుకుని ఆ ఇల్లాలు మసాలా దట్టించి వండిపెట్టుకుని కూర్చుంది. రెండో ఇంట్లో కొత్తల్లుడు అత్తారింటికి వచ్చి పప్పూ సామబియ్యం అన్నం తిన్నాడు. ఎదురుగా పుంజు వాకిట్లో తిరుగుతోందట. కూతురే ముట్టుకోవద్దందని వాళ్ళమ్మ చెప్పిందట. అల్లుడు పెళ్ళాంతో ఆ తర్వాత ఎన్నాళ్ళు మాట్లాడలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మరుసటి వారం జీపు దిగేసరికి ఊరి పెద్ద ఎదురుచూస్తున్నాడు. ఎవరూ తిట్టలేదు. అంతా కూర్చుని మాట్లాడుకుని తేల్చారు. అమ్మవారి సొమ్ము నా నోటి వల్ల పోయింది కాబట్టి మచ్చలేని తెల్ల పుంజుని నేనే తేవాలి. సంతలన్నీ తిరిగాను. తెల్లగా ఉన్నదానికి తోకలో ఒక నల్ల ఈక ఉండేది. చివరికి దొరికినదాన్ని పండగ దాకా మా స్నానాల గదిలో ఉంచాం. నేను నీళ్ళు పోసుకుంటుంటే అది బకెట్టు అంచు మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసేది. వేళకి నిద్రపోమని చెప్పిన డాక్టరుకి తెల్లారకముందే కూసే పుంజు సంగతి ఎవరు చెప్తారు?

ఇంక పైకి వెళ్ళనని మా ఆవిడతో చెప్పాను. నా బుర్ర అయిపోయిందనీ, మా అమ్మ దారే నా దారి అనీ అన్నాను.

"వాళ్ళు సెప్పినప్పుడు మీరేటి సేత్తన్నారు?" అని అడిగింది.

"ఏడేసి తీసేస్తున్నాను."

ఆవిడ చేతిలో బియ్యం చేట కింద పెట్టి నావైపు చూసింది. "మరి మర్సిపోయానంటారేటండీ? మీరసలు విన్నేదు కదా."

అది నాకు తట్టనే లేదు. అప్పటి నుంచి తీసివేతలు మానేశాను. కబురు ఇస్తుంటే ఆ మనిషి మొహం వంక చూడటం మొదలుపెట్టాను. ఎవరికి, ఏ ఇల్లు, వాకిట్లో ఏముంటుంది అని అడిగేవాణ్ణి. వాళ్ళకి చెప్పడం సరదా. పనసచెట్టు సంగతి చెప్తారు, మరదలి కోపం సంగతి చెప్తారు, కుక్క కరుస్తుందని చెప్తారు. అంత విన్నాక కబురు జారిపోవడానికి దానికి దారేదీ? జీపు దిగి ఇంటింటికీ నడిచేవాణ్ణి. ఎక్కడో ఒకచోట అంబలి తాగేవాణ్ణి. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళు తెలియని నిద్ర. వీడియోలు చూడటం మానేసినట్టు కూడా నాకు గుర్తులేదు.

గౌరవం కూడా పెరిగింది. ఇది చెప్పకపోతే నా కథ చెప్పినట్టే కాదు. జీపు డ్రైవరు సాయంత్రం నేను ఎక్కేదాకా బండి కదిపేవాడు కాదు, హారన్ కొట్టి పిలిచేవాడు. మాస్టారంటే ఆ మాత్రం ఉంటుంది కదా అనుకున్నాను. నేను కాలిబాట పడితే చాలు, ఎవరో ఒకరు "నానూ అటే బాబూ" అని వెంట నడిచేవారు. నా కబుర్లంటే వాళ్ళకి ఇష్టం అనుకుని దారి పొడుగునా దశాంశాల గురించి మాట్లాడేవాణ్ణి. వాళ్ళు పాపం వినేవారు. టీ హోటలావిడ ఒక్కతే నా గొప్పతనాన్ని గుర్తించలేదు. అందరికీ తియ్యటి టీ ఇచ్చి నాకు మాత్రం చప్పటిది ఇచ్చేది. పిసినారిదనుకున్నాను. అయినా వారం వారం మా ఆవిడ కబురు ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి. "చెప్పిన మాట మర్చిపోవద్దంది." ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "మర్సిపోనని సెప్పు" అనేది.

కొన్ని నెలలు పోయాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తాళం, గుర్రం, సబ్బు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తాళం పెట్టి వెళ్ళిన ఇంటికి గుర్రమెక్కి వచ్చి సబ్బు అడిగిన చుట్టాన్ని ఒకణ్ణి తయారుచేసుకున్నాను. వాడి పేరు, ఊరు కూడా పెట్టుకున్నాను. మూడు మాటలూ అప్పజెప్పి, అడక్కపోయినా ఆ చుట్టం సంగతి కూడా చెప్పాను. తీసివేతలు రెండు దాకా పోయి ఆగాను. డాక్టరు బాగుందన్నాడు. అయితే ఈ జబ్బు రాదు కదా అని అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. "ఎవరికీ అలా హామీ ఇవ్వలేమండీ. మీరు చేస్తున్నది మానకండి" అన్నాడు. నేను మొదటి మాటే విన్నాను, బాగుందన్న మాట.

మరుసటి సంతరోజు జీపులో నా విజయగాథ మొదలుపెట్టాను. చలికాలం, మంచు దట్టంగా ఉంది. రోజూ వచ్చే డ్రైవరు ఎవరిదో పెళ్ళికి వెళ్తే వేరే అతను బండి తోలుతున్నాడు. గుర్రమెక్కిన చుట్టం దగ్గరికి వచ్చేసరికి ఎవరో దిగడానికి జీపు ఆగింది. చెబుతూ చెబుతూ నేనూ దిగిపోయాను. నా కథ విన్నవాడు మంచులో ఎటో వెళ్ళిపోయాడు. జీపు కూడా వెళ్ళిపోయింది.

చుట్టూ చూశాను. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. కొండంతా అలాగే ఉంటుంది. మూడడుగుల అవతల ఏదీ కనపడదు. ఒక బాట పైకి, ఒకటి కిందికి. ఏది ఎటు పోతుందో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఇది మంచు వల్లా, నా బుర్ర వల్లా? అది కూడా తేల్చుకోలేకపోయాను. కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. కూర్చున్నాక అర్థమైంది, నేను బెంచీ మీద కూర్చున్నానని. మా అమ్మ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మంచులోంచి ఒకావిడ కట్టెల మోపుతో వచ్చింది. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. మోపు దించి, నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"నువ్వు సింతపల్లి మాస్టరు బాబువి కదేటి?"

"నీకెలా తెలుసమ్మా?"

"ఎర్ర మఫ్లరు, గళ్ళ సంచి, సంకలో గొడుగు. తనలో తను లెక్కలు సెప్పుకుంటాడు." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నీకో కబురుంది బాబూ. కాదు, నీది కాదు, నీ గురించి. తప్పిపోయినప్పుడే సెప్పమన్నారు, ఇప్పుడు సెప్పొచ్చు. మీ ఇల్లాలు టీ హోటలావిడికి సెప్పిందట, ఆవిడ ఊరూరికీ సెప్పింది. మా మాస్టారు కొండ మీద ఎక్కడన్నా ఒంటరిగా ఆగిపోయి కనపడితే, ఎవరువని అడక్కండి, ఎక్కడికని అడక్కండి, ఆయనకి తెలవకపోవచ్చు. కూకోబెట్టి ఏడిగా ఏటన్నా ఇచ్చి సింతపల్లి జీపెక్కించండి. పంచదార మటుకు ఎయ్యొద్దు. అదీ కబురు."

వాళ్ళింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి అంబలి ఇచ్చింది. అది తాగుతూ ఒక్కొక్కటే లెక్క చూసుకున్నాను. డ్రైవరు హారన్ గౌరవం కాదు. "నానూ అటే బాబూ" అన్నవాళ్ళెవరికీ అటు పని లేదు. చప్పటి టీ పిసినారితనం కాదు. కొండ మీద కబుర్లు మోసే ఘనుణ్ణి నేనని విర్రవీగాను. ఈ కొండంతా కలిసి నన్ను మోస్తోంది.

కోపం రాలేదంటే అబద్ధం. జీపులో వస్తున్నంతసేపూ అదే. ఇల్లు చేరగానే గుమ్మంలోనే మొదలుపెట్టాను. "నన్ను వెర్రివాడని ఊరూరా చాటింపు వేయించావా? నన్ను ఒక్క మాట అడిగావా?"

"అడిగితే ఒద్దందురు" అంది.

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు పైకెల్లకముందే. ఆ హోటలావిడ దిగినప్పుడే సెప్పేను. ఆ తర్వాత వారం వారం గుర్తుసేత్తన్నాను."

"ఎవరి చేత?"

ఆవిడ నా భుజాన ఉన్న సంచి వంక చూసింది. నాకు నిదానంగా వెలిగింది. నా చేతే. నా మీద కబురుని నేనే సంచీతో పాటు మోసుకెళ్ళి, పొల్లుపోకుండా అప్పజెప్పి, జవాబు కూడా తెచ్చి ఇచ్చాను. అన్ని కబుర్లలోకీ నేను ఒక్కసారైనా తప్పనిది అదొక్కటే.

"మీ అమ్మగారు ఆ బెంచీ మీద కూకున్ననాడు నానూ మీతోటే ఉన్నాను కదండీ" అంది నా మఫ్లరు విప్పి దండెం మీద వేస్తూ. "అప్పటి నుంచి ఏ బస్టాండు సూసినా మీరు మొకం తిప్పేసుకుంటారు. నాకు తెలవదేటి? మీ బుర్ర ఉంటాదో పోతాదో ఆ డాక్టరుకే తెలవదు. నాకేటి తెలుసు? ఇక్కడైతే మాత్రం మీరెవరో తెలవనోళ్ళు ఉండకూడదనుకున్నాను." లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా జవాబు వినకుండా కదలడం అదే మొదటిసారి.

మళ్ళీ సంతరోజు వచ్చింది. మా ఆవిడ స్టాండు దాకా వచ్చి, రాజ్మా గింజలు మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పింది. జీపు కదలబోతుంటే కొంచెం మొహమాటపడుతూ, "హోటలావిడితోటి..." అని ఆగింది.

"చెప్తాలే" అన్నాను.

చెప్పాను. హోటలావిడ చప్పటి టీ నా చేతిలో పెట్టి నవ్వింది. "గుర్తుందని సెప్పు బాబూ." ఆ టీ నేను ఆఖరి చుక్క దాకా తాగాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నా చేతిలో సంచి అందుకుని, లోపల చెయ్యిపెట్టి తడిమి, బోర్లించి దులిపింది.

"రాజ్మా ఏవండీ?"

నేను ఖాళీ సంచి వంకా, ఆవిడ వంకా చూశాను.

"గుర్తుందట" అన్నాను.